ఎనిమిది దాకా ఎంచే మనిషి

1938 జూలై 12, మంగళవారం, పొద్దున ఎనిమిది గంటల పది నిమిషాలకు మా కనక కుడి చెవిని సున్నపు గోడకు ఆనించి నిలబడింది. అప్పటికి మా ఇంట్లో గడియారం లేదు. ఊరి పక్క రైలు కట్ట మీద ప్యాసింజరు బండి పోతూ ఉండింది, దాన్ని బట్టి రాశాను. ఆ రోజు బండి ఆలస్యం కాలేదని తర్వాత తిరుత్తణి స్టేషనులో అడిగి తెలుసుకున్నాను కూడా. కనకకు అప్పుడు ఆరేళ్ల రెండు నెలలు. ఏడవలేదు, చెవి పట్టుకోలేదు. గోడ చల్లగా ఉందని ఆనుకుంది కాబోలు అనుకుని నా పనిలో నేను పడ్డాను.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మొన్న వచ్చిన ఒక కార్డు. ఆ రోజుల్లో తిరువళ్లూరులో నర్సుగా ఉన్న ఆమె పోయిందని ఆమె చెల్లెలి కూతురు రాసింది. కార్డు నా చేతికి వచ్చేసరికి ఇరవై మూడు రోజులు గడిచాయి. ఆమె పేరు రాయను. మేము ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు, నర్సమ్మ అనే అన్నాం. ఆస్పత్రి పేరు కూడా రాయను. అక్కడివాళ్లు ఎవరూ ఇప్పుడు లేరు, ఉన్నా జవాబు చెప్పుకోవలసింది వాళ్లు కాదు.

ముందు కనక సంగతి చెప్పాలి, లేకపోతే నర్సమ్మ అర్థం కాదు. కనక నా ఒక్కతే కూతురు. మాట రాలేదు. పిలిస్తే తిరగదు, కానీ పెరట్లో ఇత్తడి చెంబు నేల మీద పెట్టిన చప్పుడుకు లోపలి నుంచి వచ్చేది. ఆ చెంబును అంచు మీద నిలబెట్టి తిప్పుతూ గొంతులో ఒక రాగం లాంటిది తీస్తూ పూట గడిపేది. కాలు కాలితే ఏడవలేదు. చెంబు చోటు మారిస్తే గంటన్నర ఏడ్చింది. ఇప్పుడు మద్రాసు డాక్టర్లు దానికి ఆటిజం అని పేరు చెబుతున్నారు. అప్పుడు మా దగ్గర ఉన్నవి మూడు మాటలే: మూగ, పిచ్చి, పేయి అనే దయ్యం.

1936లో తిరుత్తణి కొండ మీద మొక్కు తీర్చాం. నలుగురు పట్టుకుంటే గుండు చేశారు. ఆ తర్వాత తల మీద చెయ్యి వెయ్యనివ్వడం పోయింది. నా చెయ్యి కూడా.

1937 ఫిబ్రవరి 8, సోమవారం, జ్వరంతో మొదటిసారి తిరువళ్లూరు తీసుకుపోయాం. నేను, మా అత్త. మా ఆయన బండి తోలుకొచ్చి మమ్మల్ని రైలెక్కించి చెరుకు నరికే పనికి వెనక్కి పోయాడు. ఆస్పత్రి వసారాలో నలభై మంది దాకా ఉన్నారు. ఎవరి మొలకో కట్టుకున్న తాళాల గుత్తి మోగింది. కనక కింద పడి అరుపు మొదలుపెట్టింది. నేల కేసి తల కొట్టుకుంటుంటే నేను కొంగు అడ్డం పెట్టాను.

పక్కనున్న ఒకామె, ‘‘పేయి పట్టుకోనుండాది మే. కొండకు తీసకపోండి,’’ అంది.

మా అత్త ఊరుకునే మనిషి కాదు. ‘‘కొండకు పొయ్యే వచ్చినాము. ఆ సామే డాక్టరు కాడికి పొమ్మన్నాడు. నువ్వు నీ దగ్గు సంగతి చూసుకో,’’ అంది.

డాక్టరు లోపలి నుంచి వచ్చి చూశాడు. చెడ్డవాడని చెప్పను. ఒక్కడే, పొద్దుటి నుంచి నిలబడి ఉన్నాడు. అరవంలో అన్నాడు, తెలుగులో రాస్తున్నాను: ‘‘దీన్ని ఇట్లా లోపలికి తేవద్దు. మళ్లీ ఇట్లాగే అరిస్తే కాళ్లూ చేతులూ కట్టించి మద్రాసులో పిచ్చాస్పత్రికి పంపుతాను. ఇది పిల్లల ఆస్పత్రి కాదు, సంత కాదు.’’

ఆ మాట నా కడుపులో పడింది. అక్కడి నుంచి కదలలేదు. తర్వాత నేను చేసినదానికి వేరు ఆ మాటే. ఇది సాకు కాదు, ఎక్కడ మొదలైందో చెబుతున్నాను.

అప్పుడు వచ్చింది నర్సమ్మ. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. సన్నంగా, నల్లగా, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. మా వైపు చూడలేదు. కనక వైపూ చూడలేదు. మాకు నాలుగడుగుల దూరంలో గోడ వైపు తిరిగి, మాకు పక్కభాగం మాత్రం కనిపించేటట్టు, గొంతుక్కూర్చుంది. చెప్పులు విడిచింది. చేతుల గాజులు తీసి కొంగులో ముడివేసింది. ఇంకో ముడిలోంచి వేరుశనగ కాయలు తీసి ఒక్కొక్కటే వలవడం మొదలుపెట్టింది. టప్, టప్. పదిహేడు కాయలు వలిచింది. కనక అరుపు పదకొండో కాయకు తగ్గింది, పదిహేడో కాయకు ఆగింది.

‘‘తాళాలా, గంటా?’’ అని గోడనే అడిగింది.

నాకు అర్థం కాలేదు.

‘‘బిడ్డ దేనికి బెదిరినాదో చూసినావా అంటా ఉండాను.’’

‘‘తాళాలు,’’ అన్నాను.

‘‘చూసినావు కదా. అది చాలు. చూసే తల్లి ఉంటే నా పని సగం.’’

ఆ తర్వాత ఏడాదిన్నర ఆమెను చూశాను. జీవితచరిత్ర నాకు తెలియదు. చిత్తూరు వైపు మనిషి, పెళ్లయిన రెండేళ్లకే ఒంటరిదైందని మాత్రం తెలుసు. నేను చూసింది రాస్తాను.

ఎవరి మీద చెయ్యి వేసినా ముందు చెప్పేది. ‘‘చెయ్యి మీద పెడతాను. ఎనిమిది ఎంచుతాను. ఎనిమిదికి తీసేస్తాను.’’ ఎంచేది. ఎనిమిది అనగానే తీసేసేది. కట్టు సగంలో ఉన్నా, థర్మామీటరు ఇంకా ఎక్కకపోయినా, డాక్టరు వెనక నిలబడి చూస్తున్నా తీసేసేది. కాసేపు ఆగి మళ్లీ చెప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. కనక మొదటి నెలలో మూడు దాకా కూడా ఉండలేదు. మే నెలకు ఎనిమిది దాకా కదలకుండా ఉండేది. చెయ్యి తీస్తారని తెలిసినందుకే ఉండేదని నా నమ్మకం. తల మీద మాత్రం ఇంకా లేదు.

‘‘ఎనిమిదే ఎందుకు నర్సమ్మా?’’ అని ఒకసారి అడిగాను.

‘‘అయిదుకు నిలిపితే పని కాదు. పది దాకా పోతే నాకు ఓపిక లేదు,’’ అంది.

ఆమెకు రెండు రకాల చీరలు ఉండేవి. గంజి పెట్టినది డాక్టరు ముందు తిరగడానికి. గంజి లేకుండా మెత్తగా ఉతికినది మా పిల్లల కోసం, ఎందుకంటే గంజి చీర చప్పుడుకు వాళ్లు బెదిరేవాళ్లు. దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి మార్చుకుని వచ్చేది. ‘మా పిల్లలు’ అంటే కనక ఒక్కతే కాదు. ఇలాంటి పిల్లలు అయిదుగురు ఉండేవాళ్లు ఆమెకు. వాళ్లను వసారాలో నిలబెట్టేది కాదు. వెనక బట్టలు ఉతికేచోట ఒక పక్క వాకిలి ఉండేది. జనం పలచబడే గంట చూసి రమ్మని, ఆ వాకిలిగుండా తీసుకుని, చీటీ లేకుండానే డాక్టరుకు చూపించేది. ‘ఈ బిడ్డ ఇప్పుడే వచ్చిందండీ’ అనేది. ఆయన తలెత్తకుండా చూసి పంపేవాడు. అక్కడే నేను పొదటూరుపేట నేతపనివాళ్లను చూశాను. వాళ్ల అమ్మాయి కనక కన్నా రెండేళ్లు పెద్దది, ఎప్పుడూ ఒక నూలుకండె పట్టుకుని ఉండేది.

సెలవు రోజున రెండు నెలలకొకసారి మా ఊరు వచ్చేది. తిరుత్తణిలో రైలు దిగి మైలున్నర కట్టవెంబడి నడిచేది. సంచిలో ఆస్పత్రి పింగాణీ గిన్నె, దూది, చిన్న సీసాలో స్పిరిటు. అవి కనక ముందర పెట్టి, వాసన చూడనిచ్చి, ముట్టనిచ్చి, ఏమీ చెయ్యకుండా పోయేది. ఒక రోజు మా అత్తను తిన్నె మీద పడుకోమంది.

‘‘నాకేం రోగమే?’’ అంది అత్త.

‘‘రోగం యాడుండాది నీకు? నువ్వు ఉత్త కొయ్యబొమ్మవి. బిడ్డ చూడాల. పడుకో పెద్దమ్మా.’’

‘‘కొయ్యబొమ్మకు కాఫీ ఇస్తావా?’’

‘‘కొయ్యబొమ్మ నోరు మూసుకుంటే ఇస్తా.’’

మా అత్త చంకలో థర్మామీటరు పెట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని, కళ్లు మాత్రం తిప్పుతూ పడుకుంది. కనక చెంబు తిప్పడం ఆపి చూసింది. ఎనిమిది అనగానే నర్సమ్మ థర్మామీటరు తీసేసింది. మా అత్త లేచి, ‘‘అమ్మయ్య, బతికినాను,’’ అంది. అలా ఆరుసార్లు చేశారు. ఆరోసారికి కనక తానే వచ్చి తిన్నె మీద పడుకుంది. మా అత్త మొహం తిప్పుకుని కొంగుతో తుడుచుకుంది. ఆమెకు మనవరాలంటే ప్రాణం. ఇది ముందే రాస్తున్నాను.

పుస్తకం రాయించింది కూడా నర్సమ్మే. మా నాయన నన్ను అయిదో తరగతి దాకా చదివించాడు కనుక నాకు చెయ్యి తిరిగేది. తేదీ, గంట, ఏం తిన్నది, ఎంతసేపు నిద్ర, దేనికి బెదిరింది, దేనికి ఊరుకుంది, ఏ మందు పడింది. మొదట్లో నేను ‘ఈ రోజు మనసు బాగాలేదు’ అని రాస్తే వేలితో కొట్టేసింది.

‘‘మనసు నీకు కనపడినాదా? తోచింది రాయొద్దు అమ్మణ్ణీ, చూసింది రాయి. బిడ్డ నోటితో చెప్పదు. డాక్టరు అడిగితే ఈ పుస్తకమే దానికి నోరు.’’

వచ్చినప్పుడల్లా పుస్తకం మొదటి నుంచి చదివేది. పొగిడేది కాదు. తప్పు ఉంటే పెదవులు బిగించి వేలు పెట్టి చూపేది. నిజం చెప్పాలంటే నేను ఆ వేలికి భయపడేదాన్ని. పరీక్షకు పోయే పిల్లలా ఉండేది నాకు.

మళ్లీ జూలైకి వస్తాను. 12న గోడ. 13న మళ్లీ గోడ, ఈసారి రెండు గంటలు. 14న ఒళ్లు వేడి. 15న చెవి వెనక ఎర్రగా వాపు, ముట్టుకుందామంటే ఇల్లంతా పరుగు. 16 శనివారం మా ఆయన తిరువళ్లూరు పోయి నర్సమ్మకు పుస్తకం చూపించాడు. ఆమె 12వ తేదీ వరస దగ్గర వేలు పెట్టి, ‘‘ఇదే నొప్పి. నాలుగు దినాలు ఎవురూ వినలేదు దాన్ని,’’ అందట. సోమవారం పదకొండు గంటలకు పక్క వాకిలికి రమ్మంది. చీము కోసి తియ్యాల్సి వస్తుంది, మత్తు ఇస్తారు, ఆ పొద్దున ఏమీ తినిపించొద్దు, వేరే మందు ఏదీ పెట్టొద్దు. ‘‘పెడితే మాత్రం గంటతో సహా రాయమను,’’ అని రెండుసార్లు చెప్పిందట. మా ఆయన రెండుసార్లూ నాకు చెప్పాడు.

18 సోమవారం పొద్దున ఆరు నలభైకి తిరుత్తణి స్టేషనులో ఉన్నాం. జ్వరం మీద ఉన్న పిల్ల, ఆకలి, జనం. అరక్కోణంలో బండి మారాలి. అక్కడ ఇంజన్లు నాలుగు వైపులా కూస్తాయి. కనక అప్పుడే మూలుగుతూ తల ఊపడం మొదలుపెట్టింది. అది అరుపుకు ముందు వచ్చే ఊపు. నాకు డాక్టరు మాటే చెవుల్లో ఉంది. కాళ్లూ చేతులూ కట్టించి. మద్రాసు.

మా అత్త రొండిలోంచి చిన్న పొట్లం తీసింది. నల్లమందు. మా వైపు అబిని అంటాం. మోకాళ్ల నొప్పికి ఆమె వాడేది. పిల్లలు ఊరుకోకపోతే ఆవగింజంత నాలుక మీద రాయడం మా ఇళ్లల్లో కొత్త కాదు, నాకూ రాశారట.

‘‘అత్తా, వద్దన్నారు కదా,’’ అన్నాను.

‘‘మందు వద్దన్నాది. ఇది మందా? నిద్ర. అరిచినాదంటే కట్టేస్తారు మే. నా బిడ్డను కట్టనిస్తానా నేను?’’

పెసరగింజంత తీసింది. నేను చూశాను. చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆరు యాభైకి కనక నోట్లో పడింది. అరక్కోణంలో నాలుగు ఇంజన్లు కూసినా కనక నా ఒళ్లో కదలలేదు. నేను ఆ మౌనానికి సంతోషించాను. రైల్లో పుస్తకం తెరిచి రాశాను: ‘6.40. నీళ్లు రెండు గుక్కలు. ఆహారం లేదు.’ తర్వాతి వరస ‘8.15. నిద్ర.’ మధ్యలో ఏమీ రాయలేదు. రాస్తే ఆ వేలు వచ్చి దాని మీద పడుతుంది.

పదకొండుకు అయిదు నిమిషాలు ఉండగా పక్క వాకిలి దగ్గరికి చేరాం. డాక్టరు కూడా అప్పుడే వచ్చాడు. ఒళ్లో తూగుతున్న కనకను చూసి, ‘‘ఇంత మంచి పిల్లనా ఆ రోజు తిట్టాను?’’ అన్నాడు. నవ్వాడు. మా అత్త నా వైపు చూసింది, చూశావా అన్నట్టు.

నర్సమ్మ నవ్వలేదు. మెత్తని చీరలో వచ్చి పక్కకు తిరిగి కూర్చుంది. వేరుశనగ కాయ వలిచింది. కనక తిరగలేదు. ‘‘తల మీద చెయ్యి పెడతాను. ఎనిమిది ఎంచుతాను,’’ అంది. పెట్టింది. కనక తల మీద చెయ్యి ఉండనిచ్చింది. రెండేళ్లలో మొదటిసారి. నర్సమ్మ ఎనిమిది దాకా ఎంచి చెయ్యి తీసింది. తీసిన సంగతి కనకకు తెలియలేదు.

‘‘ఇది మన బిడ్డ కాదే,’’ అంది నర్సమ్మ మెల్లగా.

పుస్తకం అడిగింది. ఆ పేజీ చదివింది. కనక కనురెప్ప ఎత్తింది. ఎండలో కూర్చున్నట్టు కంటిపాప ఆవగింజంత అయి ఉంది. మళ్లీ పేజీ చూసింది.

‘‘అమ్మణ్ణీ, ఆరు నలభైకీ ఎనిమిదింబావుకూ నడుమ ఏమైంది?’’

నేను కనక కాళ్లు ఒళ్లోకి సర్దుకున్నాను. లోపల డాక్టరు మత్తుమందు సీసా మూత తీశాడు, ఆ తియ్యటి వాసన వసారాలోకి వచ్చింది. ‘‘తీసుకురా’’ అని పిలిచాడు.

‘‘అయ్యా, ఒక నిమిషం,’’ అంది నర్సమ్మ.

‘‘నిమిషాలు లేవు. చీము చూడు.’’

‘‘మత్తు మీద మత్తు పడుతుందేమో అయ్యా. ఊపిరి నిలిచిపోతాది. నేను పట్టుకోను.’’

అంతమంది ముందు ఒక నర్సు డాక్టరుతో ‘పట్టుకోను’ అనడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఆయన మొహం నల్లబడింది. ‘‘ఏం మత్తు? పుస్తకంలో ఉందా?’’ అని పుస్తకం లాక్కుని చూశాడు. ‘‘ఏమీ లేదు కదా. ఎత్తు పిల్లను.’’

నర్సమ్మ ఎత్తలేదు. నా వైపు తిరిగింది. ఏడాదిన్నరలో మొదటిసారి నాకు ఎదురుగా తిరిగి చూసింది. ఏమీ అడగలేదు. నేనే మనసులో ఒకటి నుంచి ఎంచాను. ఆరు దగ్గర నోరు తెరిచాను.

‘‘అబిని. పెసరగింజంత. ఆరు యాభైకి.’’

మా అత్త నేల మీద కూర్చుండిపోయింది. ‘‘నేనే పెట్టినాను. దాన్నేమీ అనొద్దు, నేనే,’’ అంటూ తల కొట్టుకుంది.

డాక్టరు సీసా మూత బిగించాడు. ఆయన తిట్టింది రాయను. తిట్టవలసిందే తిట్టాడు. తర్వాత కనక ఛాతీ మీద చెయ్యి పెట్టి తానే ఊపిరి ఎంచాడు. నిమిషానికి పది. ఆ వయసుకు ఇరవై ఉండాలి అన్నాడు. స్టేషను పక్క కాఫీ క్లబ్బు నుంచి చిక్కటి డికాషను తెప్పించాడు. పాలు లేవు, చక్కెర లేదు. నిద్రపోనివ్వొద్దు, నడిపించండి అన్నాడు.

పన్నెండు నుంచి అయిదున్నర దాకా నర్సమ్మ ఆ వసారాలో కనకను నడిపించింది. ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై రెండు అడుగులు. కనక కాళ్లు ఈడుస్తూ, మొహం మీద నీళ్లు కారుతూ నడిచింది. నర్సమ్మ భోజనానికి పోలేదు. ఆగినప్పుడల్లా ఊపిరి ఎంచి నాకు చెప్పేది, నేను రాసేదాన్ని. పది. తొమ్మిది. మూడు గంటలకు ఎనిమిది. ఆ అంకె వేసేటప్పుడు పెన్సిలు ముల్లు విరిగింది. నాలుగుకు పదకొండు. అయిదున్నరకు పదహారు. అప్పుడు కనక నర్సమ్మ చేతిలోంచి తన చెయ్యి లాక్కుని అరిచింది. వీధి దాకా వినబడే అరుపు. మా అత్త చేతులు జోడించింది. డాక్టరు లోపలి నుంచి వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా పోయాడు.

నర్సమ్మ నా దగ్గర పుస్తకం తీసుకుంది. ఆరు నలభైకీ ఎనిమిదింబావుకూ మధ్య ఉన్న సందులో సన్నటి అక్షరాలతో తన చేత్తో రాసింది: ‘6.50. అబిని. పెసరగింజంత.’

‘‘ఇప్పుడు సరి,’’ అని తిరిగి ఇచ్చింది.

మర్నాడు 19 మంగళవారం పది గంటలకు మత్తు ఇచ్చి కోశారు. డాక్టరు బయటికి వచ్చి, చీము లోపలికి పోయింది, ఆ చెవి ఇక వినపడదు, కుడి పక్క నోటి కొస కొంచెం జారుతుంది అన్నాడు. ‘‘నిన్ననే కోసి ఉంటే?’’ అని మా ఆయన అడిగాడు. ‘‘మిగిలేదేమో. చెప్పలేను,’’ అన్నాడు. తర్వాత పదకొండు రోజులు కట్టు మార్చేటప్పుడు, నర్సమ్మ ఎనిమిది అన్నప్పుడల్లా ఆ డాక్టరు తానే చెయ్యి తీసి నిలబడ్డాడు. అదీ రాయాలి.

కానీ ఆ గొడవలో పక్క వాకిలి సంగతి పెద్దవాళ్ల దాకా పోయింది. చీటీ లేని పిల్లలు, గంజి లేని చీర, సెలవు రోజున ఇళ్లకు తిరగడం, డాక్టరుకు ఎదురు చెప్పడం. ఆగస్టు 31న ఆమెను అక్కడి నుంచి పంపేశారు. ఎక్కడికో మాకు చెప్పలేదు. వాకిలికి తాళం వేశారు.

1939 నవంబరులో పొదటూరుపేట నేతాయన మా ఊరికి చీరలు తెచ్చాడు. అమ్మాయి ఎట్లుందని అడిగాను. మూట విప్పుతూనే చెప్పాడు.

‘‘పోయినాది తల్లీ, వినాయక చవితి ముందర. జ్వరం. తొమ్మిది దినాలు.’’

‘‘ఆస్పత్రికి?’’

‘‘యాడికి తీసకపోయేది? ఒకసారి పోయినాము, వసారాలో అరిచినాది, జనం తరిమినారు. ఆ నర్సమ్మ ఉంటే పొయ్యేవాళ్లమే.’’

ఆయన ఎవరినీ అనలేదు. నీలం అంచు చీర ఒకటి చూపించి, ఇది నీకు బాగుంటాది అన్నాడు.

నర్సమ్మను ఆ తర్వాత ఒక్కసారే చూశాను. 1943 మార్చి 4, గురువారం, మధ్యాహ్నం రెండు దాటాక, అరక్కోణం ప్లాట్‌ఫారం మీద. యుద్ధం రోజులు, బండ్ల నిండా సిపాయిలు. కనకకు పదేళ్ల పది నెలలు. బెంచీ మీద ఒకామె మాకు పక్కభాగం చూపిస్తూ కూర్చుని ఉంటే కనకే ముందు పోయి ఆమె పక్కన కూర్చుంది. జుట్టు సగం నెరిసింది. దూరంగా ఒక ఊళ్లో పని చేస్తున్నానంది. అక్కడా ఇలాంటి బిడ్డలు ఇద్దరు ఉన్నారంది.

ఒక్కొక్కరినీ అడిగింది. అయిదుగురినీ. నేతాయన కూతురి సంగతి చెప్పాను. ఆమె ఒక గూడ్సు బండి పూర్తిగా పోయేదాకా పట్టాలే చూసింది. పక్కకు తిరిగి ఉంది కనుక మొహం నాకు కనపడలేదు.

తర్వాత, ‘‘ఆ దినం ఎందుకు రాయలేదు అమ్మణ్ణీ?’’ అంది.

‘‘మీరు కోపగించుకుంటారని.’’

‘‘డాక్టరుకు భయపడి పెట్టినారు. అది నాకు తెలుసు. రాయకపోయింది నాకు భయపడా?’’

‘‘అవును.’’

ఆమె తన వేలి వైపు చూసుకుంది.

‘‘అట్లయితే నేర్పిన తప్పు నాది. బిడ్డలకు బెదురు లేకుండా చెయ్యడం నేర్చుకున్నాను గానీ, తల్లులకు చెయ్యలేదు. ఇప్పుడు ఏ తల్లికి పుస్తకం ఇచ్చినా మొదటి పేజీలో నేనే రాసి ఇస్తా ఉండాను. ఇందులో ఏం రాసినా ఎవురూ తిట్టరు అని.’’

‘‘రాస్తా ఉండారా వాళ్లు?’’

‘‘రాస్తా ఉండారు. చదివితే భయమేస్తాది ఒక్కోసారి. అయినా తిట్టను. పళ్లు కొరుక్కుంటాను.’’

ఆమె బండి వచ్చింది. కనక మోకాలి దగ్గరికి చెయ్యి తెచ్చి, పెట్టమంటావా అన్నట్టు ఆపింది. కనక ఊరుకుంది. ఎనిమిది ఎంచి, తీసి, బండెక్కింది.

నాకు ఇప్పుడు డెబ్భై నాలుగు, కనకకు యాభై ఆరు. నా తర్వాత కనకను ఎవరు ఆస్పత్రికి తీసుకుపోయినా ఇది చదువుకోవాలని రాశాను. అందుకే నా తప్పు కూడా తేదీతో ఉంచాను.

1938 జూలై 18న పెసరగింజంత అబిని పడనిచ్చి, ఆ ఒక్క వరస రాయనందుకు పోయినవి ఇవి. ఒక రోజు. కనక కుడి చెవి, మొత్తం. నోటి కొస, కొంచెం. తిరువళ్లూరులో ఒక నర్సు ఏడేళ్ల ఉద్యోగం. అయిదుగురు పిల్లలకు ఆస్పత్రిలోకి ఉన్న ఒకే దారి. ఆ అయిదుగురిలో ఒకతె, వయసు తొమ్మిది.